ద్వితీయ భాషా బోధన – ఉపాధ్యాయుని శిక్షణ

మానవుడు తల్లి ఒడిలో అప్రయత్నంగా నేర్చుకొనే భాష ఒకటి. ఇరుగుపొరుగుతో, ప్రభుత్వ వ్యవహారాలతో, విశాల సమాజంతో సంబంధం పెంచుకొనుటకు ప్రయత్నపూర్వకంగా నేర్చుకొనవలసిన భాష మరొకటి. ఈ రెండవదానికే మన విద్యావిధానం ‘ద్వితీయ భాష’ అని పేరు పెట్టింది. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థికి తెలుగు, తెలుగు మాతృభాషగా గల విద్యార్థికి ఉర్దూ ఈ విధంగా ద్వితీయ భాషలవుతున్నవి. కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ రచనలు, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు రచనలు కనిపించే వార్షిక సంచికను చేతబట్టిన పాఠకులకు ఈ విషయం వివరించి చెప్పనక్కరలేదు. అయితే సంచికలోని రెండు భాగాలను చదువగలిగినవారు మనలో ఎందరు? ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నయే.

ఉర్దూ మాధ్యమంలో చదివిన విద్యార్థి పాఠశాలలో ఏండ్ల తరబడి తెలుగు చదువుతున్నాడు. పరీక్షలలో ఉత్తీర్ణుడవుతున్నాడు. ఒక్కొక్కప్పుడు మంచి మార్కులు కూడా తెచ్చుకొంటున్నాడు. కాని తండ్రి పేరిట తహశీలు కార్యాలయం నుండి తెలుగులో నోటీసు వస్తే చదివి చెప్పలేడు. ఆసుపత్రిలో నర్సుగా చేరిన విద్యార్థిని పల్లె నుండి వచ్చిన వృద్ధురాలి బాధను విని అర్థం చేసుకొనలేక, మరొకరిని పిలుచుకొని రావలసి వస్తున్నది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో తెలుగులో నాలుగు ప్రశ్నలడిగితే తెలివైన యువకుడు తలవంచుకొంటున్నాడు. ఇది అతని మేధాశక్తి లోపమని ఎవరైనా అంటే, ఆ మాటను ఖండించక తప్పదు. అదే యువకుడు సినిమా పాటలను, క్రికెట్ వ్యాఖ్యానాన్ని, అంగడిలో బేరసారాలను ఏ గురువూ లేకుండానే రెండు మూడు భాషలలో గ్రహిస్తున్నాడు. లోపం బోధనలో ఉన్నది. బోధకునికి మనమిచ్చిన శిక్షణలో ఉన్నది.

చట్టం చేయగలిగినది, చేయలేనిది

త్రిభాషా సూత్రం మనకు కొత్త కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ చర్చించి సవరించిన ఆ సూత్రాన్ని 1968 జాతీయ విద్యావిధానం ఆమోదించింది. తెలంగాణ రాష్ట్రంలో 2017లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయింది. 2018లో చేసిన శాసనం అన్ని పాఠశాలలలోను ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు తెలుగును దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. ఈ రెండు నిర్ణయాలూ ఒకదానికొకటి విరుద్ధం కావు. ఒకే ఇంటికి ఇరువైపుల పెట్టిన రెండు ద్వారాల వంటివి.

అయితే శాసనం ఒక సబ్జెక్టును తప్పనిసరి చేయగలదు, పీరియడ్లను కేటాయించగలదు, పాఠ్యపుస్తకాన్ని అచ్చు వేయించగలదు. కాని ఆ భాష ఇంట వినని బాలునికి దానిని నేర్పగల ఉపాధ్యాయుని మాత్రం ఏ శాసనమూ రాత్రికి రాత్రి సృష్టించలేదు. అందుకు ప్రత్యేకమైన శిక్షణ కావాలి. ఆ శిక్షణ విషయంలో మన అలక్ష్యం చాలా కాలంగా సాగుతున్నదని చెప్పుటకు విచారించవలసి వస్తున్నది.

ప్రథమ భాష వేరు – ద్వితీయ భాష వేరు

తెలుగింటి బిడ్డ బడిలో అడుగుపెట్టే నాటికే తెలుగు వచ్చినవాడు. వేలకొలది మాటలు, వాక్యనిర్మాణ పద్ధతులన్నీ వాని నాలుకపై ఉన్నవి. ఆ బిడ్డకు ఉపాధ్యాయుడు నేర్పేది భాషను కాదు. అక్షరాలను, చక్కని వ్రాతను, సాహిత్యాభిరుచిని మాత్రమే. మన తెలుగు పండిత శిక్షణ ఈ పనికి అనువుగా రూపొందింది. పద్యాన్ని రాగయుక్తంగా చదివించుట, ప్రతిపదార్థం చెప్పించుట, సంధులు, సమాసాలు, ఛందస్సు బోధించుట మొదలైన విద్యలలో మన పండితులు అందెవేసిన చేతులు. వారిపట్ల గౌరవానికి ఈ వ్యాసంలో ఎట్టి కొరతా లేదు.

కాని ఆ పండితుడే ఉర్దూ మాధ్యమ పాఠశాలకు బదిలీ అయి వచ్చినప్పుడు ఏమవుతున్నది? ఎదుట కూర్చున్న బాలునికి ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనే క్రియల భేదమే ఇంకా పట్టుబడలేదు. అటువంటి వానికి ఆయన సవర్ణదీర్ఘ సంధి సూత్రం చెబుతున్నాడు. బాలుడు దానిని ఉర్దూ లిపిలో వ్రాసుకొని కంఠస్థం చేస్తున్నాడు. గురువుకు శిష్యుని భాష తెలియదు. శిష్యునికి గురువు భాష తెలియదు. నడుమ గైడు పుస్తకం ఒక్కటే దుబాసీ. ద్వితీయ భాష అంటే కొంచెం పలుచన చేసిన ప్రథమ భాష అని భావించుటయే ఈ అనర్థానికంతటికీ మూలకారణం.

ఒక ఇన్‌స్పెక్టరు సందేహం

ఈ సందర్భంలో మన భాషాచరిత్రలోని ఒక ఘట్టాన్ని జ్ఞప్తికి తెచ్చుకొనుట ఉచితం. ఇరవైయవ శతాబ్ది తొలి దశాబ్దంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఉద్యోగధర్మంగా తెలుగు నేర్చుకొన్నాడు. పుస్తకాలలో తాను నేర్చిన తెలుగు ఒకటి, చుట్టూ ప్రజలు మాట్లాడే తెలుగు మరొకటిగా ఉండుట ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. ఈ భేదానికి కారణమేమని ఆయన విశాఖపట్టణంలోని కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ప్రశ్నించాడు. గిడుగు రామమూర్తిగారు, గురజాడ అప్పారావుగారు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పదగినవారని అయ్యంగారు సూచించారు. వ్యావహారిక భాషోద్యమానికి అది నాంది అయింది.

తెలుగును ద్వితీయ భాషగా నేర్చుకొన్న ఒక విద్యార్థి సందేహం తెలుగు వచనపు దిశనే మార్చివేసిందన్న మాట! యేట్స్ ప్రత్యక్ష పద్ధతికి, అనగా భాషను ఆ భాషలోనే మాటల ద్వారా నేర్పే పద్ధతికి అభిమాని. జీవద్భాషను బోధించదలచినవాడు గనుకనే, పుస్తకానికీ నాలుకకూ మధ్యనున్న అగాధం ఆయన కంటపడింది. మాతృభాషగా దానిని నేర్చినవారికి అది అలవాటైపోయి అగుపించలేదు.

గిడుగువారి జీవితంలో మన విషయానికి మరింత దగ్గరి నిదర్శనం ఉన్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండగా ఆయన పరిసరాలలోని సవరలకు చదువు చెప్పదలచినారు. ముందు తాను వారి భాష నేర్చుకొన్నారు. తెలుగు తెలిసిన ఒక సవర సహాయంతో ఒక్కొక్క మాట సేకరించి, వ్యాకరణం గ్రహించి, సవర భాషలో వాచకాలు వ్రాసి, ఆ బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించినారు. 1931లో వెలువడిన వారి సవర వ్యాకరణ గ్రంథం ఆ దీక్షకు ఫలం. శిష్యుని భాష తెలిసికొనుట గురువునకు మొదటి పాఠమని ఆయన ఆచరించి చూపినారు. ఏటేటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొనే మనం ఈ పాఠాన్ని మాత్రం పక్కన పెట్టితిమి.

పద్ధతులు అనేకం – సూత్రం ఒకటి

ద్వితీయ భాషా బోధనలో ప్రపంచమంతటా పలు పద్ధతులు వచ్చినవి, పోయినవి. వ్యాకరణ–అనువాద పద్ధతి అన్నిటికంటె పాతది. సూత్రం చెప్పి, మాటకు మాట అర్థం వ్రాయించుట దాని లక్షణం. దానిపై తిరుగుబాటుగా ప్రత్యక్ష పద్ధతి వచ్చింది. ఆ తరువాత వాక్య నిర్మాణాలను వరుసగా ఎంచి, వల్లె వేయించి అలవాటు చేసే నిర్మాణ పద్ధతి మన దేశంలో ఆంగ్ల బోధనను చాలా కాలం ఏలింది. 1979 నుండి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని పాఠశాలలలో ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు ప్రయోగం సాగించినారు. రైల్వే సమయపట్టికను, పటాన్ని ఇచ్చి వాటి ఆధారంగా చిన్న చిన్న సమస్యలు పరిష్కరింపజేస్తే, అర్థం వెదకే ప్రయత్నంలోనే భాష అబ్బుతుందని ఆయన వాదం. సర్వోత్తమ పద్ధతి ఏదీ లేదని, తన బోధనలో ఏమి జరుగుతున్నదో ఉపాధ్యాయునికి గల అవగాహనయే ముఖ్యమని 1990లో ఆయనే తేల్చి చెప్పినారు.

ప్రభు ప్రయోగానికి చాలా ముందే, ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాలులోని ద్విభాషా సమస్యపై వెలువరించిన గ్రంథంలో ఒక చక్కని భావాన్ని ప్రవేశపెట్టినాడు. దానిని ఆయన జీవిత బీమా పరిభాష నుండి తెచ్చుకొన్నాడు. బీమా గడువు పూర్తికాకముందే మానివేసినవానికి కట్టిన సొమ్ములో కొంత తిరిగి దక్కుతుంది. దానిని సరెండరు విలువ అంటారు. అదే విధంగా, ఒక బాలుడు భాషా పాఠాన్ని నడుమ మానివేస్తే అప్పటివరకు చదివిన దానిలో వానికి ఎంత మిగులుతుంది అని వెస్ట్ ప్రశ్న.

ఈ గీటురాయిపై మన తెలుగు పాఠాన్ని పరీక్షించండి. ఏడవ తరగతితో చదువు మాని మెకానిక్ దుకాణంలో చేరిన బాలునికి, పదవ తరగతితో చదువు ఆగిపోయి వివాహమైన బాలికకు, వారు నేర్చిన ద్వితీయ భాషలో మిగిలినదెంత? మొదటి ఏడాదిలో వినుట, బదులు చెప్పుట. రెండవ ఏడాదిలో బోర్డులు, చీటీలు, ప్రకటనలు చదువుట. ఆపై దరఖాస్తు, ఉత్తరం వ్రాయుట. అటుపిమ్మట కథ, వార్త, పద్యం – ఈ వరుసలో బోధన సాగితే ఎక్కడ ఆగిపోయినా ఎంతో కొంత చేతికి దక్కుతుంది. కంఠస్థం చేసిన ప్రతిపదార్థానికి మాత్రం పరీక్ష మరునాడు విలువ సున్న.

ఉపాధ్యాయునికి తెలియవలసినది

ద్వితీయ భాషోపాధ్యాయునికి రెండు భాషల పోలికలు, భేదాలు చేతిలోని ఉసిరికాయవలె తెలిసి ఉండాలి. ఉర్దూ–తెలుగు జంటను తీసికొని కొన్ని ఉదాహరణలు పరిశీలింతము.

మొదట ధ్వనులు. తెలుగులో ఎ, ఏలకు, ఒ, ఓలకు అర్థభేదం ఉన్నది. ‘మెడ’ వేరు, ‘మేడ’ వేరు. ‘కొన’ వేరు, ‘కోన’ వేరు. ఉర్దూలో ఈ హ్రస్వ దీర్ఘాల జంటలు ఇట్లు అర్థాన్ని మార్చవు. ‘కల’కూ ‘కళ’కూ గల భేదం ఉర్దూ చెవికి కొత్త. కనుక విద్యార్థి ‘మెడ’ను ‘మేడ’గా వ్రాస్తే అది అజాగ్రత్త అని దండించరాదు, ముందు చెవికి, తరువాత నాలుకకు, చివరకు చేతికి శిక్షణ ఇవ్వాలి. లిపి విషయం కూడ ఇటువంటిదే. ఉర్దూ వ్రాతలో హ్రస్వ స్వరాలు సాధారణంగా గుర్తించబడవు. చదువరి సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. తెలుగులో ప్రతి గుణింతమూ వ్రాయవలసిందే. కుడి నుండి ఎడమకు ఊహతో చదివే కన్ను, ఎడమ నుండి కుడికి ప్రతి గుర్తునూ పోల్చుకొంటూ చదువుటకు అలవాటు పడవలసి ఉన్నది.

ఇక వ్యాకరణం. ఉర్దూలో ప్రతి నామవాచకానికీ లింగమున్నది. ‘కితాబ్’ స్త్రీలింగం, ‘దర్వాజా’ పుంలింగం. తెలుగు ఏకవచనంలో పురుషుని ఒక్కని వేరుగా ఉంచి, స్త్రీని వస్తువులతో కలిపి ‘ఆమె వచ్చింది, బండి వచ్చింది’ అంటాము. బహువచనంలో మరల స్త్రీపురుషులను కలిపి ‘వారు వచ్చారు’ అని, వస్తువులను వేరుచేసి ‘బండ్లు వచ్చినవి’ అంటాము. ఈ వింత ఏర్పాటు తెలుగు మాతృభాషగా గలవానికి వింతగా తోచనే తోచదు. కనుక బోధించవలసిన విషయంగా అతనికి స్ఫురించదు. ఉర్దూలో ‘యే మేరే భాయీ హైఁ’ అనునప్పుడు క్రియ తప్పదు. తెలుగులో ‘ఇతడు మా అన్న’ అంటే చాలు. కనుకనే ఉర్దూ విద్యార్థి ‘ఇతడు మా అన్న ఉన్నాడు’ అనే ప్రమాదం ఉన్నది. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో వినేవానిని కలుపుకొంటే ‘మనము’, కలుపుకొనకపోతే ‘మేము’. ఇరుగుపొరుగువారి మధ్య ఈ రెండు మాటలు తారుమారైతే కలిగే అపార్థం వ్యాకరణదోషంతో పోయేది కాదు.

విద్యార్థి చేసే తప్పులు అతడు నేర్చుకొనే తీరుకు సాక్ష్యాలని, వాటిని ఉపాధ్యాయుడు శ్రద్ధగా చదువవలెనని పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1967లో ప్రతిపాదించినాడు. వైద్యుడు నాడి చూచినట్లు ఉపాధ్యాయుడు తప్పును చూడగలగాలి. ఎర్రసిరాతో గీత గీసినంతమాత్రాన జ్వరం తగ్గదు.

భేదాలు మాత్రమే కాదు, పోలికలు కూడ బలమైన సాధనాలు. రెండు భాషలలోను క్రియ వాక్యాంతంలో వస్తుంది. ‘ముఝే భూక్ లగీ’ అన్నా, ‘నాకు ఆకలి వేసింది’ అన్నా ఆకలిగొన్నవానికి ఒకే విభక్తి. మన దక్కనీ ఉర్దూ తెలుగుకు మరింత దగ్గర. ‘వస్తానని చెప్పాడు’ అనే తెలుగు తీరునే ‘ఆతూఁ బోల్‌కే బోలా’ అని దక్కనీ అంటుంది. మన ‘అట’ చేసే పనిని అక్కడ ‘కతే’ చేస్తున్నది. శతాబ్దాల సహజీవనం రెండు భాషల వాక్యాలను ఇట్లు పెనవేసింది. ఈ దక్కనీని అపభ్రంశమని ఈసడించే ఉపాధ్యాయుడు తన చేతిలోని తాళపుచెవిని తానే పారవేసుకొన్నవాడు.

పదజాలం సంగతి చెప్పనే అక్కరలేదు. జవాబు, హాజరు, ఖర్చు, బాకీ, వసూలు, హక్కు, జిల్లా, తారీఖు, ఫిర్యాదు, దర్యాప్తు, రద్దు, మంజూరు, నకలు, అసలు, కాగితం, కుర్చీ, దుకాణం, చివరకు మన రైతు – ఈ మాటలన్నీ అరబ్బీ పారశీకాల నుండి ఉర్దూతో పరిచయం ద్వారా తెలుగులో స్థిరపడినవే. ఉర్దూ విద్యార్థికి తొలినాడే ఇటువంటి రెండువందల మాటల పట్టిక ఇచ్చి, ‘నీకు ఇంత తెలుగు ముందే వచ్చును’ అని చెప్పగలిగితే వాని భయం సగం తీరుతుంది. ఏ వాచకమైనా ఇట్లు ఆరంభమైనదా?

నాణెమునకు రెండవవైపు

తెలుగు విద్యార్థికి ఉర్దూ నేర్పుట కూడ ఇంతే శాస్త్రీయంగా సాగవలసి ఉన్నది. తెలుగు లిపిలో ‘జలీల్’ అని ఒకే తీరుగా వ్రాయవలసి వచ్చే రెండు ఉర్దూ పదాలున్నవి. ‘జీమ్’తో వ్రాస్తే మహనీయుడు, ‘జాల్’తో వ్రాస్తే నీచుడు. ఉచ్చారణలో ఒక్క సూక్ష్మభేదంతో స్తుతి నిందగా మారుతుంది. ‘మైఁ నే రోటీ ఖాయీ’ అనునప్పుడు తిన్నవాడు పురుషుడైనా క్రియ రొట్టె లింగాన్ని అనుసరిస్తుంది. తెలుగువానికి ఇది పెద్ద చిక్కు. దీనిని ఉదాహరణలతో, సంభాషణలతో నేర్పకుండ గజలుతో పాఠం ఆరంభిస్తే ఫలితమేమో ఊహించవచ్చు.

ఒకనాడు ఈ రాకపోకలు సహజంగా ఉండేవి. ఇబ్రహీం కుతుబ్‌షా ఆస్థానంలో అద్దంకి గంగాధరకవి తెలుగు కావ్యం అంకితం పొందింది. పిఠాపురపు ఉమర్ ఆలీషా తెలుగు కవిగా ప్రసిద్ధులైనారు. దాశరథి గాలిబును తెలుగువారికి దగ్గర చేసినారు. సామల సదాశివగారు ఉర్దూ సాహిత్య మాధుర్యాన్ని తెలుగులో పంచిపెట్టినారు. ఈ పేర్లను సభలలో స్మరించి చప్పట్లు కొట్టుట సులభం. వారివంటి ద్విభాషా పండితులను తయారుచేసే తరగతి గదిని నిర్మించుట కష్టం. మనకు కావలసినది రెండవది.

శిక్షణ ఎక్కడ?

ఇంగ్లీషును ద్వితీయ భాషగా బోధించుట ఒక ప్రత్యేక విద్య అని మన దేశం ఏనాడో గుర్తించింది. ఆ పనికొరకే 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ వెలిసింది; 1972లో విదేశీ భాషలను కూడ చేర్చుకొని, 2007లో ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా పెరిగింది. ఇంగ్లీషుకు దక్కిన ఈ శ్రద్ధలో పదవ వంతు, అదే నగరంలో, ఉర్దూ బాలునికి తెలుగు నేర్పుటకు గాని, తెలుగు బాలునికి ఉర్దూ నేర్పుటకు గాని దక్కినదా? ఉపాధ్యాయ అర్హత పరీక్షలో సైతం అభ్యర్థి తెలుగునో, ఉర్దూనో మొదటి భాషగా ఎంచుకొంటాడు. రెండవ భాష స్థానం ఇంగ్లీషుదే. తెలుగును ద్వితీయ భాషగా బోధించగల నేర్పు పరీక్షకే రావటం లేదు.

మార్గమే లేదని అనుటకు వీలులేదు. 1969లో మైసూరులో స్థాపించబడిన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ, తన ప్రాంతీయ కేంద్రాల ద్వారా పనిచేస్తున్న ఉపాధ్యాయులకు ఇతర భారతీయ భాషలను పది నెలల పాఠ్యక్రమంలో నేర్పుతూ వచ్చింది. మైసూరులోని దక్షిణ ప్రాంతీయ కేంద్రంలో తెలుగు కూడ ఉన్నది. ఉర్దూ కొరకు లక్నోలోను, సోలన్‌లోను కేంద్రాలున్నవి. తెలుగు ఒక్క అక్షరం రానివాడు పది నెలలలో చదువనూ, వ్రాయనూ, మాటాడనూ నేర్వగలడనే విశ్వాసంపై నెలకొన్న పాఠ్యక్రమమది. పది నెలలలో ఆశించదగిన ఫలం, పదేండ్లలో ఎందుకు దక్కరాదు? హైదరాబాదులో 1998లో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తున్నది. అటువంటి సంస్థలలో ద్వితీయ భాషగా తెలుగు బోధనకు ప్రత్యేకమైన బోధనాభ్యాసం నెలకొల్పుట ఎంతైనా అవసరం. పండిత శిక్షణ పొందేవారు బోధనాభ్యాసంలో కొన్ని పాఠాలైనా ఆ భాష రాని పిల్లల ఎదుట చెప్పవలెననే నియమం ఉండాలి. అంతేకాక, శిక్షణ పొందే ఉపాధ్యాయుడు మూడు నెలలు తానొక కొత్త భాషకు విద్యార్థి కావాలి. అక్షరం పోల్చుకొనలేక తడబడే వేలిని, బదులు తోచక బిగుసుకొనే గొంతును తాను ఎరిగినవాడే శిష్యుని కష్టాన్ని ఎరుగగలడు.

ఆక్షేపణలు

సాహిత్యాన్ని తగ్గించి వ్యవహార భాషను నేర్పితే తెలుగు స్థాయి దిగజారుతుందని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. భాష రానివానికి కావ్యం అర్పించుట కావ్యానికి గౌరవం కాదు. మాట వచ్చిన తరువాత కావ్యం తానే వస్తుంది. మాట రాకపోతే కావ్యం పేరు వింటేనే వెగటు పుడుతుంది.

ఇంగ్లీషు ఉండగా ఇవన్నీ ఎందుకని మరికొందరంటారు. ఇంగ్లీషు కావలసిందే, సందేహం లేదు. కాని కూరగాయల అంగడి, రైతుబజారు, పంచాయతీ కార్యాలయం, రోగి మంచం – వీటి దగ్గర ఇంగ్లీషు అక్కరకు రాదు.

మూడవ ఆక్షేపణ మరింత సున్నితమైనది. తెలుగు బాగా వస్తే మన పిల్లలు ఉర్దూను మరచిపోతారేమోనన్న భయం కొందరు తల్లిదండ్రులలో ఉన్నది. ఈ భయాన్ని కొట్టివేయరాదు; దానికి కారణాలున్నవి. అయితే పైన చెప్పిన బోధన ఉర్దూను తొలగించి తెలుగును నిలుపదు. ఉర్దూను మెట్టుగా చేసికొని తెలుగుకు ఎక్కిస్తుంది. ఉర్దూ వ్యాకరణం చక్కగా తెలిసిన బాలుడే పోల్చి చూడగలడు. బలహీనమైన మాతృభాషపై ద్వితీయ భాష నిలువదు. కనుక ఉర్దూ ఉపాధ్యాయుడు, తెలుగు ఉపాధ్యాయుడు ప్రత్యర్థులు కారు, ఒకే పనిలో భాగస్వాములు.

మన కళాశాల చేయదగినది

ప్రభుత్వం చేసేవరకు వేచి ఉండనక్కరలేని పనులు కొన్ని ఉన్నవి. కళాశాల పాలకవర్గం వారి పరిశీలనకు ఈ క్రింది సూచనలు సవినయంగా సమర్పించుచున్నాను.

మొదటిది: ప్రవేశం పొందిన విద్యార్థులకు తొలి వారంలోనే ఒక చిన్న మౌఖిక పరీక్ష పెట్టి, ద్వితీయ భాష వారికి ఎంతవరకు వచ్చునో తెలిసికొని, ఆ స్థాయిని బట్టి అదనపు తరగతులు ఏర్పాటు చేయవలెను.

రెండవది: కళాశాల అంతర్గత పరీక్షలలో మాటాడుటకు, విని గ్రహించుటకు కొన్ని మార్కులు కేటాయించవలెను. పరీక్షలో లేనిది తరగతిలో నిలువదు.

మూడవది: తెలుగు అధ్యాపకులకు ఉర్దూ లిపి, ప్రాథమిక వ్యాకరణం, ఉర్దూ అధ్యాపకులకు తెలుగు నేర్చుకొనుటకు వారానికి రెండు పీరియడ్ల వెసులుబాటు కల్పించవలెను. వీలున్నప్పుడు ఒకరిని పూర్తి జీతంతో శిక్షణకు పంపవలెను. ఒక గది కట్టుటకు మనం చందాలు పోగుచేస్తున్నాము; ఒక ఉపాధ్యాయుని తీర్చిదిద్దుటకు అంతకన్న తక్కువ వ్యయం చాలును.

నాల్గవది: ఇరు శాఖల అధ్యాపకులు కలిసి, ఉమ్మడి పదాల పట్టికతో ఆరంభమై, బస్సు బోర్డు, రేషను కార్డు, మందుల చీటీ, దరఖాస్తు మొదలైన పాఠాలతో ఒక చిన్న వాచకం తయారుచేయవలెను. దానిని ముందు మన తరగతులలోనే వాడి, విద్యార్థుల తప్పులను గమనించి ఏటేటా సవరించుకొనవచ్చు.

అయిదవది: వారానికి ఒక గంట ఉర్దూ విద్యార్థిని, తెలుగు విద్యార్థిని జంటగా కూర్చుండబెట్టవలెను. అరగంట ఒక భాష, అరగంట మరొక భాష. ఇందులో ఇద్దరూ గురువులే, ఇద్దరూ శిష్యులే.

ఇక విద్యార్థి సోదర సోదరీమణులకు ఒక మాట. తప్పు మాట్లాడతామనే సిగ్గు ద్వితీయ భాషకు ప్రథమ శత్రువు. తోటివాడు తప్పు మాట్లాడినప్పుడు నవ్వే నవ్వు అంతకంటె పెద్ద శత్రువు. ఈ రెంటినీ విడిచిపెట్టుట మీ చేతిలోని పని. దానికి శాసనము గాని, బడ్జెట్టు గాని అక్కరలేదు.

వచ్చే సంవత్సరపు సంచికలో తెలుగు విభాగంలో ఉర్దూ మాధ్యమ విద్యార్థి వ్రాసిన ఒక పుట, ఉర్దూ విభాగంలో తెలుగు విద్యార్థి వ్రాసిన ఒక పుట ఉండవలెనని పాలకవర్గము, సంపాదకవర్గము ఈ సంవత్సరమే నిర్ణయించవలసిందిగా కోరుచున్నాను. ఆ రెండు పుటలలో తప్పులుండవచ్చు, ఉండనీయండి. వాటిని దిద్దగల ఉపాధ్యాయులను తయారుచేసే బాధ్యతను మాత్రం మనం ఇక వాయిదా వేయరాదు.